కాశీలో వదిలిన కాకరకాయ

కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలంటారు కదా, మా నాన్న కాకరకాయ వదిలేసి వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కాకరకాయ ముట్టింది లేదు. దేవుడి దగ్గర కూడా ఈ వేషాలేంటని అమ్మ గంగ ఒడ్డునే గొడవ పెట్టుకుందట. "నేను వదిలేశాను, ఆయన పుచ్చుకున్నాడు, మధ్యలో నీకేటి?" అని నాన్న తేల్చేశాడు. ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

ఇప్పుడు నాన్నకి వారానికి మూడు రోజులు డయాలసిస్. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఎవరింటికి వెళ్ళినా కిడ్నీ జబ్బు మనిషి ఒకరుంటారు, లేదంటే గోడ మీద దండ వేసిన ఫొటో ఉంటుంది. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే పనన్నారు, ఇదీ కారణం అని మాత్రం ఎవరూ తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచారు, చూద్దాం. ఈలోపు పూర్వజన్మ కర్మ అని చెప్పేవాళ్ళు మాత్రం ఊరూరా ఉన్నారు. ఇన్ని ఊళ్ళ రైతులు కూడబలుక్కుని ఒకే పాపం చేశారా అని అడిగితే పెద్దమనుషులకి కోపం. అందుకే ముందే చెప్తున్నా, జబ్బు ఎవరికో పాఠం చెప్పడానికి వస్తుందని నేను అనుకోను. నేను నేర్చుకున్నదేదైనా ఉంటే అది సరిగ్గా పనిచేసే కిడ్నీ నుంచే, అదీ ఇంట్లో అది పనిచేయడం మానేశాకే.

డయాలసిస్ అంటే నాలుగు గంటలు. నాన్న ఎడమచేతికి ఫిస్టులా ఉంది, అంటే ధమనినీ సిరనూ ఆపరేషన్ చేసి కలిపారు. దాని మీద వేళ్ళు ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జివ్వుమంటుంది. పొద్దున లేవగానే ఆయన చేసే మొదటి పని అది పలుకుతోందో లేదో చూసుకోవడం. కొంతమంది లేచి అరచేతులు చూసుకుని లక్ష్మీదేవికి దండం పెట్టుకుంటారు, మా ఇంట్లో ఇది. ఆ చేతికి రెండు సూదులు గుచ్చి, నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం బయటికి లాగి, కడిగి, లోపలికి పంపిస్తారు. పక్కన కుర్చీలో కూర్చుని ఆ ఎర్ర గొట్టాల్ని చూస్తూ ఉంటే నాలుగు గంటలు ఎంతకీ కదలవు. అలాంటి ఒక రోజున అక్కడి టెక్నీషియన్ కుర్రాడు, పని తక్కువగా ఉన్నట్టుంది, మామూలు కిడ్నీ ఏం చేస్తుందో చెప్పాడు.

కిడ్నీ అంటే టీ వడపోసే జల్లెడలాంటిదని, చెత్తని ఆపి మంచిని పంపుతుందని అనుకునేవాణ్ణి. కానే కాదట. రక్తకణాలూ పెద్ద ప్రోటీన్లూ తప్ప నీళ్ళు, ఉప్పు, చక్కెర, యూరియా అన్నీ కలగలిపి రోజుకి 180 లీటర్లు కింద గొట్టాల్లోకి వదిలేస్తుంది. ఒంట్లో ఉన్న ప్లాస్మాయే, అంటే కణాలు పోగా మిగిలే రక్తపు ద్రవమే, మూడు లీటర్లు, అంటే ఉన్నదంతా రోజుకి 60 సార్లు బయట పెడుతోందన్నమాట. తర్వాత ఆ గొట్టాల పొడవునా కూర్చుని ఇది నాది, ఇది నాది అని ఏరుకుంటుంది. చక్కెర దాదాపు మొత్తం తీసుకుంటుంది. నీళ్ళు నూటికి 99 పాళ్ళు వెనక్కి. చివరికి బయటికి పోయేది లీటరున్నర, రెండు లీటర్లు. అసలు చెత్త ఇదీ అని కిడ్నీ దగ్గర పూర్తి జాబితా ఉండక్కర్లేదు. తనదని గుర్తుపట్టనిది ఏదైనా, ఇంతకుముందెప్పుడూ చూడని కొత్త మందైనా సరే, వెనక్కి తీసుకోకపోతే దానంతటదే పోతుంది.

వింటుంటే సంక్రాంతి ముందు మా అమ్మ వెల్ల వేయించడం గుర్తొచ్చింది. అటక మీద ఏం పారేద్దామని పైకెక్కి చూస్తే ఏదీ పారేయబుద్ధి కాదు, అన్నీ పనికొచ్చేలాగే కనిపిస్తాయి. అందుకని అమ్మ ఆ ప్రశ్నే వేయదు. సామానంతా వాకిట్లోకి దించేస్తుంది. గోడలు ఆరాక కావలసినవి ఒక్కొక్కటీ లోపలికి తీసుకెళ్తుంది, మిగిలినవి అడక్కుండానే భోగిమంటలోకి వెళ్ళిపోతాయి.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రంలో "తేన త్యక్తేన భుంజీథాః" అని ఉంది, వదిలేసి అనుభవించు అని. పండితులు దానికి చాలా అర్థాలు చెప్పారు, వాటి జోలికి నేను పోను. నాకు మాత్రం ఆ మాట ఎప్పుడూ తిరకాసుగానే ఉండేది. వదిలేశాక ఇంక అనుభవించేదేముంది? ఆ కుర్రాడు చెప్పింది విన్నాక మొదటిసారి అది నాకు ఒంట్లో జరిగే పనిలా కనిపించింది. ముందు అంతా వదలాలి, ఆ తర్వాత తీసుకున్నదే నీది.

సరే, విన్నంత సులువా? రాత్రి పడుకునేముందు ఆ రోజు బుర్రలో పేరుకున్నదంతా అమ్మలా వాకిట్లో పెట్టి చూద్దామని మొదలుపెట్టాను. ఆఫీసులో మాటలూ, ట్రాఫిక్ చిరాకూ లాంటివి నిజంగానే వెనక్కి రావు, నిద్ర పట్టేస్తుంది. కానీ గట్టు తగాదా ఒకటుంది, చిన్నాన్న కొడుకుతో, మూడేళ్ళ నాటిది. దాన్ని ప్రతి రాత్రీ బయట పెడతాను, ప్రతి రాత్రీ నేనే భద్రంగా తుడిచి లోపలికి తెచ్చుకుంటాను. వదలడం నాకు కష్టం కాలేదు, ఏరుకునేటప్పుడే చెయ్యి దాని మీదకే పోతోంది. నాన్న డయాలసిస్‌కి కారు కావాలంటే ఆ చిన్నాన్న కొడుకే రెండుసార్లు పంపాడు కూడా. అయినా సరే.

చక్కెర సంగతి ఇంకోటి. రక్తంలో అది డెసిలీటరుకి సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీకి కూడా ఏరుకోవడం చేతకాదు, కొంత మూత్రంలో కారిపోతుంది. అంత ఇష్టంగా దాచుకునేదానికీ ఓ హద్దుంది. మనవాళ్ళు మధుమేహం అన్న పేరు ఊరికే పెట్టలేదు.

మెషీన్‌కి ఇంత ఏరుకోవడం తెలియదు. అందుకే మిగతా పనంతా మా వంటింటి మీద పడింది. అమ్మ కూరముక్కలు నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తుంది, మళ్ళీ ఉడికించి వార్చేస్తుంది, పొటాషియం పోవాలని. అరటిపండు వద్దు. నీళ్ళు కొలిచి తాగాలి, దాహమేస్తే ఓ ఐసుముక్క. అన్నిటికన్నా ముందు, కొబ్బరినీళ్ళు వద్దు. చుట్టూ కొబ్బరితోట పెట్టుకుని, ఏ చెట్టు నీళ్ళు ఎంత తీపో నాలుక మీద లెక్క ఉన్న మనిషికి ఆ మాట డాక్టరుగారు చెప్పినప్పుడు నాన్న తలూపాడు, అంతే. బయటికొచ్చాక "కాశీలో దొంగలెక్క సెప్పాను కదరా, వసూలు సేస్తున్నాడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మొన్న పండక్కి అక్కావాళ్ళు వచ్చారు. చెట్టెక్కేవాణ్ణి పిలిపించి, బావి పక్క చెట్టువే దింపమని నాన్న అరుగు మీంచే చెప్పాడు. తలా ఒక బోండాం కొట్టించి ఇచ్చి, ఎలా ఉన్నాయని ఒక్కొక్కరినీ అడిగాడు. అక్క కొడుకు గటగటా తాగుతూ మధ్యలో ఆగి "తాతా, నువ్వు తాగవా?" అన్నాడు.

"నేను కాశీలో వదిలేశాన్రా" అన్నాడు నాన్న.

అమ్మ గుమ్మంలోనే ఉంది. ఏమీ అనలేదు.