విద్యుత్తు-అయస్కాంతత్వం: లెక్కకు ముందు ఒక వాక్యం

ఎంఎస్సీ భౌతికశాస్త్రంలో ప్రవేశం కోసం జామ్ పరీక్షకు సిద్ధమవుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ముఖ్యంగా వరంగల్, పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ వైపు డిగ్రీ తెలుగు మాధ్యమంలో చదివి ఇటు వస్తున్నవారికి పనికివస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను. సిలబస్ అంతటి గురించి చెప్పను. మొదటిసారి నన్ను ముంచి, రెండోసారి ఒడ్డుకు చేర్చిన విద్యుత్తు-అయస్కాంతత్వం గురించి మాత్రమే చెబుతాను.

మొదటి ఏడాది హనుమకొండ నయీంనగర్‌లో గది తీసుకుని చదివాను. నోటు పుస్తకం నిండా సూత్రాలు రాసుకుని, పొద్దున లేవగానే వాటిని వల్లె వేసేవాణ్ణి. పరీక్ష హాలులో మూడు గంటల్లో 60 ప్రశ్నలు చూడాలి. ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక సూత్రం గుర్తుకొచ్చింది, కానీ ఫలితం అర్హతకు చాలా దూరంలో ఆగిపోయింది. ఆ తరువాత ఊరికి వెళ్లి, తప్పు చేసిన లెక్కలన్నీ ముందు పెట్టుకుని వారం రోజులు కూర్చున్నాను. గుణకారాల్లో, భాగహారాల్లో దొర్లిన తప్పులు కొన్నే. ఎక్కువ భాగం, సూత్రాన్ని అది చెల్లని చోట వాడటం వల్ల వచ్చినవి.

ఉదాహరణకు గాస్ నియమం: మూసిన తలం గుండా బయటికి వెళ్లే మొత్తం విద్యుత్ క్షేత్రం, అంటే అభివాహం, లోపలున్న ఆవేశాన్ని బట్టి ఉంటుంది. ఏ మూసిన తలానికైనా అది సత్యమే. కానీ దాని నుంచి విద్యుత్ క్షేత్రాన్ని రాబట్టాలంటే, క్షేత్రం ఆ తలం మీద ఒకే విలువతో ఉందని ముందే చెప్పగలిగే సౌష్ఠవం కావాలి. ఆవేశం సమంగా పరుచుకున్న అనంతమైన తీగకు ఆ సౌష్ఠవం ఉంది, మూరెడు తీగకు లేదు. నేను మూరెడు తీగకూ అనంత తీగ సూత్రమే రాసేశాను. మరోచోట సౌష్ఠవం ఎదురుగా ఉన్నా చూడలేదు. ఘనం మూలలో ఒక ఆవేశం ఉంటే, అలాంటి ఎనిమిది ఘనాలు చుట్టూ పేర్చినప్పుడే ఆ ఆవేశం పూర్తిగా లోపలికి వస్తుంది కనుక, మన ఘనం గుండా వెళ్లేది మొత్తం అభివాహంలో ఎనిమిదో వంతు. ఆ మూలను తాకే మూడు ముఖాల వెంట క్షేత్రరేఖలు ముఖాన్ని ఒరుసుకుంటూ పోతాయి కనుక వాటి గుండా వెళ్లే అభివాహం సున్నా, మిగిలిన మూడింటిలో ఒక్కొక్కదానికి ఇరవై నాలుగో వంతు. ఇందులో సమాకలనం అవసరమే లేదు, బొమ్మ గీస్తే చాలు.

అందుకని రెండో ఏడాది ఒక నియమం పెట్టుకున్నాను. కలం లెక్క మీద పెట్టేముందు, ఆ లెక్కలో ఏది మారుతోంది, ఏది మారకుండా ఉంది, సౌష్ఠవం ఎక్కడుంది అన్నది తెలుగులో ఒక వాక్యంగా రాయాలి. వాక్యం రాయలేకపోతే ఆ లెక్క అర్థం కానట్టే. ప్రశ్నపత్రం ఇంగ్లిషులో ఉంటుంది కదా, తెలుగులో ఎందుకు రాయాలని స్నేహితులు అడిగారు. అర్థమయిందో లేదో నాకు నిజంగా తెలిసేది నేను ఆలోచించే భాషలోనే. ఇంగ్లిషు పదాలు సాధనతో రెండు నెలల్లో అలవాటయ్యాయి.

ఈ పద్ధతి విలువ కెపాసిటర్ దగ్గర బాగా తెలిసింది. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 100 వోల్టులకు ఆవేశపరిస్తే దానిలో 0.05 జౌళ్ల శక్తి ఉంటుంది. ఇప్పుడు కెపాసిటర్ పలకల మధ్య రోధక స్థిరాంకం 5 ఉన్న రోధక పదార్థపు (డైఎలక్ట్రిక్) పలకను పూర్తిగా చొప్పిస్తే శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా? బ్యాటరీని ముందే తీసేసి ఉంటే ఆవేశం మారదు, కెపాసిటీ ఐదు రెట్లవుతుంది, శక్తి 0.01 జౌళ్లకు పడిపోతుంది. బ్యాటరీ కలిపే ఉంటే పొటెన్షియల్ మారదు, శక్తి 0.25 జౌళ్లకు పెరుగుతుంది. ఇంతవరకు చాలామంది చేస్తారు. రెండో సందర్భంలో శక్తి పెరిగింది కనుక పలకను బయటికి నెట్టే బలం ఉంటుందని అనుకోవడం దగ్గర నేను బోల్తా పడ్డాను. బ్యాటరీ అదనంగా 4 మిల్లీకూలుంబుల ఆవేశాన్ని 100 వోల్టుల వద్ద పంపింది, అంటే అది ఇచ్చినది 0.4 జౌళ్లు. అందులో 0.2 జౌళ్లు కెపాసిటర్‌లో చేరాయి, మిగిలిన 0.2 జౌళ్లు పలకను లోపలికి లాగడంలో క్షేత్రం చేసిన పని. రెండు సందర్భాల్లోనూ పలక లోపలికే లాగబడుతుంది. “బ్యాటరీ కలిపి ఉంది, అదీ ఈ లెక్కలో భాగమే” అన్న వాక్యం రాసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

భూమికి కలిపిన వాహక పలక ముందు ఒక ఆవేశాన్ని ఉంచే లెక్కలోనూ ఇదే చిక్కు ఉంది. పలకకు బదులు దాని వెనక అద్దంలో బొమ్మలా వ్యతిరేక ఆవేశం ఉన్నట్టు ఊహించే ప్రతిబింబ ఆవేశం పద్ధతిలో బలం సరిగ్గానే వస్తుంది. శక్తిని మాత్రం రెండు నిజమైన ఆవేశాల శక్తిగా రాస్తే సమాధానం రెట్టింపు వస్తుంది, ఎందుకంటే నిజమైన క్షేత్రం పలకకు ఒకవైపే ఉంది.

మారే అయస్కాంత అభివాహం తీగ చుట్టలో ప్రవాహాన్ని పుట్టించే ప్రేరణ అధ్యాయం నాకు మా బావి దగ్గర అర్థమైంది. ఆ ఎండాకాలం మోటారు కాలిపోతే నాన్నతో కలిసి దాన్ని హనుమకొండలో మోటారు వైండింగ్ చేసే చోటికి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన తీగ చుట్టలు విప్పుతూ, “ఒక ఫేజు పోతే మోటరు తిరగది బిడ్డా, మూలుగుతది. మూలిగినంతసేపు కాలుతనే ఉంటది” అన్నాడు. ఆ మాటలో ఒక పాఠం మొత్తం ఉంది. 120 డిగ్రీల ఎడంతో ఉన్న మూడు చుట్టల్లో, 120 డిగ్రీల దశాభేదంతో మూడు ప్రవాహాలు పోతేనే అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది. ఒక ఫేజు పోతే క్షేత్రం ఒకే రేఖ మీద పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అది ఎదురెదురుగా తిరిగే రెండు సమాన క్షేత్రాల మొత్తం కనుక, ఆగి ఉన్న రోటార్‌కు, అంటే మోటారులో తిరిగే భాగానికి, ఎటూ తిరిగే బలం అందదు. కదలని మోటారు అధిక ప్రవాహాన్ని లాగి వేడెక్కుతుంది. ప్రేరిత ప్రవాహం తనను పుట్టించిన మార్పును ఎదిరించే దిశలోనే ఉంటుందన్న లెంజ్ నియమం కూడా అక్కడే కనిపించింది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది, మోటారు మీది రేకుపై మాత్రం 1440 వంటి అంకె ఉంటుంది. రోటార్ క్షేత్రాన్ని పూర్తిగా అందుకుంటే దానిలో అభివాహ మార్పు ఉండదు, మార్పు లేకపోతే ప్రవాహం లేదు, ప్రవాహం లేకపోతే తిప్పే బలమూ లేదు. జామ్ సిలబస్‌లో మోటారు లేదు, కానీ దాన్ని చూశాక ప్రేరణ లెక్కల్లో ప్రవాహ దిశ నేను తప్పలేదు.

సిద్ధాంతాన్ని కాలక్రమంలో చదవడమూ మేలు చేసింది. 1820లో ఓయర్‌స్టెడ్ విద్యుత్ ప్రవాహం ఉన్న తీగ పక్కన దిక్సూచి సూది కదలడం చూశాడు, 1831లో ఫారడే ప్రేరణను కనుగొన్నాడు. ఆపై మాక్స్‌వెల్, మారుతున్న విద్యుత్ క్షేత్రం కూడా ప్రవాహంలాగే పనిచేస్తుందంటూ స్థానభ్రంశ ప్రవాహాన్ని చేర్చాడు. ఆంపియర్ నియమం ఒక వలయం చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని, ఆ వలయం అంచుగా గీసిన తలాన్ని దాటే ప్రవాహంతో లెక్కిస్తుంది. ఆవేశితమవుతున్న కెపాసిటర్ దగ్గర ఆంపియర్ వలయానికి తీగను కోసే తలం గీస్తే ప్రవాహం ఉంది, పలకల మధ్యగా పోయే తలం గీస్తే లేదు. వలయం ఒకటే అయినప్పుడు జవాబులు రెండు ఉండకూడదు. మారుతున్న విద్యుత్ అభివాహాన్ని కలిపితేనే ఆ వైరుధ్యం తొలగుతుంది. తీగలో 2 ఆంపియర్లు పోతున్నప్పుడు, గుండ్రటి పలకల మధ్య సగం వ్యాసార్ధంలో ఇమిడేది నాలుగో వంతు, అంటే అర ఆంపియర్ స్థానభ్రంశ ప్రవాహం. సంఖ్యను టైపు చేయాల్సిన ప్రశ్నలకు ఇలాంటివి సాధన చేయండి.

పరీక్ష తీరు గురించి కొద్దిగా. మొదటి భాగంలో తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. ఒకటికి మించి సరైన జవాబులుండే రెండో భాగంలోనూ, సంఖ్యల మూడో భాగంలోనూ రుణాత్మక మార్కులు లేవు. అయితే రెండో భాగంలో అన్ని సరైన ఎంపికలూ గుర్తిస్తేనే మార్కులు, సగానికి సగం ఇవ్వరు. కాబట్టి అక్కడ ఎంపికలను ఒకదానితో ఒకటి పోల్చకుండా, ప్రతిదాన్నీ విడి ప్రశ్నగా తీసుకుని నిజమో కాదో తేల్చడం అలవాటు చేసుకున్నాను.

చివరగా, నాలాగా విద్యుదయస్కాంత తరంగాలను ఆఖరి వారానికి వదిలేయకండి. లంబపతనానికి, అంటే కాంతి తలం మీద నిటారుగా పడే సందర్భానికి మాత్రమే పరిమితమైన పరావర్తనం చిన్న భాగం, తక్కువ శ్రమకు మార్కులిచ్చేది. గాలి నుంచి వక్రీభవన గుణకం 1.5 ఉన్న గాజు మీద పడిన కాంతికి ప్రసారమైన కంపన పరిమితి నిష్పత్తి 0.8 వస్తుంది. దాన్ని వర్గం చేసి 0.64 రాసి, పరావర్తనం చెందిన 0.04తో కలిపితే ఒకటి రావడం లేదని నేను అరగంట కొట్టుకున్నాను. తీవ్రతకు గాజు గుణకంతో కూడా గుణించాలి, అప్పుడు 0.96 వస్తుంది. “రెండు మాధ్యమాలున్నాయి” అని ముందు ఒక్క వాక్యం రాసుకోండి. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది కనుక ఈ అధ్యాయాన్ని డిసెంబరులోపే ముగించి, జనవరి నెలంతా పాత ప్రశ్నపత్రాలకు ఉంచుకోండి.