పోతు బొప్పాయా, పెంటి బొప్పాయా: తేలేదాకా నా తంటాలు

బొప్పాయి గింజ వేసిన ప్రతివాడికీ ఒక టెన్షన్ తప్పదు. చెట్టు కాస్తుందా, ఊరికే పూసి ఊరుకుంటుందా అన్నది పువ్వు వచ్చేదాకా తెలీదు. అందులోనూ నేను వేసినవి నర్సరీలో కొన్న రెడ్ లేడీ అనే హైబ్రిడ్ రకం కాదు, నెల్లిమర్ల వైపు మా అత్తగారి పెరట్లో కాసిన గుండ్రటి నాటు పండులో గింజలు. ఆ చెట్టు పెంటిది, పక్కనే పోతు చెట్టు ఉంది. అలాంటి గింజల్లో దాదాపు సగం పోతులే వస్తాయి. రెడ్ లేడీలో అయితే ఈ గొడవ లేదు: కొన్ని పెంటి చెట్లు, కొన్ని ఒకే పువ్వులో రెండూ ఉన్న ద్విలింగ చెట్లు వస్తాయి, రెండు రకాలూ కాస్తాయి. అయినా తెలిసే నాటు గింజ వేశాను. ఆ పండు రుచి అలాంటిది.

గింజ మీద ఉండే జిగురు పొర మొలకని ఆపుతుంది, అందుకని బూడిదతో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టాను. వేసవిలో పాలిథిన్ సంచుల్లో నారు పోసి, జూలైలో వానలు కుదురుకున్నాక మట్టి ఎగదోసి, గట్టు మీద గోతికి మూడేసి చొప్పున నాటాను. గట్టు ఎందుకంటే, మన విజయనగరంలో అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందా, పెరడంతా నీళ్లే. బొప్పాయి మొదట్లో ఒకటి రెండు రోజులు నీరు నిలిచినా చాలు, మొదలు కుళ్లి చెట్టు ఒరిగిపోతుంది. మూడేసి నాటమని మా సచివాలయం ఉద్యాన అసిస్టెంటు చెప్పాడు. ఒక్కటే నాటితే పోతు అయ్యే అవకాశం సగానికి సగం. మూడూ పోతులే అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి.

ఇక అక్కణ్ణుంచి పువ్వు పూసేదాకా చూసినవాళ్లందరూ జ్యోతిష్కులే. "అది పోతు బాబూ, ఎలా ఎగిరిపోతందో చూడు, పీకీ" అంటారు పక్కింటి మామ్మగారు. వేరు సూటిగా దిగితే పోతు, చీలితే పెంటి అంటాడు పాలబ్బాయి. నల్ల గింజలు ఒక రకం, తెల్ల గింజలు ఒక రకం అని ఇంకెవరో. ఉద్యాన అసిస్టెంటు మాత్రం నవ్వి, ల్యాబులో ఆకు ముక్కతో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే నారులోనే తెలుస్తుంది కానీ కంటితో చూసి చెప్పగలిగినవాణ్ణి ఇంతవరకూ చూడలేదన్నాడు. నాకూ అదే సబబు అనిపించింది. మామ్మగారు పీకమన్న మొక్క జోలికి పోలేదు. అది చివరికి పోతుగానే తేలిందనుకోండి, ఆ సంగతి వేరు.

కార్తీకం దాటాక మొదటి మొగ్గలు కనిపించాయి. ముందు పూసినవి పోతులే. ఆకు మొదట్లోంచి సన్నటి కాడ మూరెడు పొడుగున సాగి కిందికి వేలాడుతుంది, దానికి కొమ్మలు, కొమ్మకొమ్మకీ గుత్తులుగా చిన్న చిన్న పూలు. సాయంత్రం అయ్యేసరికి మంచి వాసన. ఆ వాసనకే రాత్రిపూట పెద్ద రెక్కల పురుగులు వచ్చి వాలుతాయి, పుప్పొడి మోసేది అవే.

పెంటి పువ్వు దీనికి పూర్తిగా తేడా. కాండానికి అంటుకున్నట్టు, పొట్టి కాడ మీద ఒకటో రెండో మొగ్గలు. మొగ్గ అడుగున బొద్దుగా, కొసన సన్నగా ఉంటుంది. చిక్కల్లా ఈ పెంటి మొగ్గకీ ద్విలింగ మొగ్గకీ మధ్యే, బయటికి రెండూ దాదాపు ఒకలాగే ఉంటాయి. అందుకని ఒక మొగ్గని బ్లేడుతో నిలువుగా కోసి చూశాను. లోపల ఆకుపచ్చ కలిసిన తెల్లటి చిన్న కాయ, దాని నెత్తిన విసనకర్రలా విచ్చుకున్న ఐదు పాయలు, రేకులు అడుగుదాకా విడివిడిగా. పసుపు రంగు కేసరం ఒక్కటీ లేదు. కేసరాలు లేవంటే పెంటిదే. ఉండి, కాయ కూడా సన్నగా పొడుగ్గా ఉంటే ద్విలింగం. పక్కవీధిలో రెడ్ లేడీ మొగ్గ అడిగి తెచ్చుకుని కోస్తే అలాగే కనిపించింది: రేకుల అడుగు భాగం గొట్టంలా అతుక్కుని, లోపల కాయ చుట్టూ పది కేసరాలు. పోతు పువ్వులోనూ పదే, కానీ కాయ ఉండాల్సిన చోట సూదిమొనంత పుల్ల మాత్రం ఉంటుంది.

తేలిన వెంటనే తొందరపడలేదు. మొదటి మొగ్గలు కొన్ని రాలిపోతాయి, మరో విడత చూసి ఖాయం చేసుకున్నాకే కత్తి పట్టాను. పోతుల్ని పీకకూడదు, గోతిలో వేళ్లన్నీ పెనవేసుకుని ఉంటాయి, పెంటిది కూడా కదిలిపోతుంది. మొదలంటా నరికేశాను. పాలు చేతికి తగిలితే దురద, గ్లవ్స్ ఉంటే మంచిది.

అన్ని పోతుల్నీ కొట్టేయలేదు. పది పెంటి చెట్లకి ఒక పోతు ఉండాలంటారు, కంచె పక్కన ఒకదాన్ని వదిలేశాను. పుప్పొడి అందకపోతే పిందెలు రాలిపోవచ్చు, నిలిచినవి గింజలేని చిన్న కాయలవుతాయి. పక్కవీధి రెడ్ లేడీ పుప్పొడి వస్తుందిలే అని మా ఆవిడ అంది, నిజమే కావచ్చు, కానీ పరాయి చెట్టు మీద భరోసా పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

ఆ పోతు తల నరికితే పెంటిగా మారుతుందని మామ్మగారు ఇప్పటికీ అంటున్నారు. ఎండలూ చలీ మారే రోజుల్లో కొన్ని పోతు చెట్లకి పొడవాటి కాడల చివర నాలుగు కాయలు వేలాడటం ఉంది, అది తల నరికినందుకు కాదు. దాన్ని అలాగే ఉంచి, పెంటి చెట్లకి కిక్కిరిసిన పిందెలు తీసి పప్పులో వేస్తున్నాం.