ఏనుగు తొక్కిన టమోటాకు పరిహారం: నా అనుభవం

డబ్బు నిన్న అకౌంట్లో పడింది. కోపం ఇంకా ఆరలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. ఆరిపోతే అసలు వివరాలు పోయి తిట్లు మాత్రమే గుర్తుంటాయి. చిత్తూరు జిల్లాలో పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట, రామకుప్పం, కుప్పం వైపు అడవి అంచున సేద్యం చేసేవాళ్లకు ఇది పనికొస్తుంది. చంద్రగిరి పక్క వాళ్లకు కూడా ఈమధ్య ఈ అవసరం పడుతోంది.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి. ఏనుగు అటవీ శాఖది. భూమి రికార్డు రెవెన్యూది. పంట నమోదు వ్యవసాయ, ఉద్యాన శాఖలది. ఈ మూడూ కలిసే చోటు మన కయ్య (మడి) ఒక్కటే. అందుకే ఎవరి దగ్గరికెళ్లినా పక్క ఆఫీసు వైపు వేలు చూపిస్తారు. వాళ్లది అబద్ధమూ కాదు. మూడు చోట్లా ఒకే నంబరు, ఒకే పంట, ఒకే విస్తీర్ణం ఉండేలా చూసుకునే పని మాత్రం మనదే, జీతం లేకుండా.

మన దగ్గర ఈ ఏనుగుల కథ 1980ల్లో మొదలైంది. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు ఇటు దిగాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు, దాదాపు 357 చదరపు కిలోమీటర్లు. పటం చూస్తే అది పొడుగ్గా, సన్నగా సాగిన అడవి. రెండు పక్కలా పల్లెలు, మడులు, మామిడి తోపులు. పెద్ద ఏనుగుకు రోజుకు నూటయాభై కిలోల దాకా మేత కావాలి, వంద లీటర్లకు పైగా నీళ్లు కావాలి. ఎండాకాలం అడవిలో కుంటలు ఎండితే అది ఎక్కడికి వస్తుందో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. మన డ్రిప్ పైపులో నీళ్ల వాసన దానికి తెలుసు.

ఇక పని. తెల్లవారి తోట చూడగానే మొదట చేయాల్సింది బోరు ఆన్ చేయకుండా ఉండడం. టైమర్ ఉంటే ఆపేయండి. విరిగిన లేటరల్ (సాలు వెంట పోయే సన్న డ్రిప్ పైపు) నుంచి నీళ్లు పారితే అడుగులు చెరిగిపోతాయి. అడుగు చెరిగితే అది ఏనుగా, పందా, పక్కూరి ఎద్దులా అనే చర్చ మొదలవుతుంది. మంచి అడుగులు రెండు మూడు చూసుకుని వాటిమీద టమోటా క్రేట్లు బోర్లించండి. ఎండకు, కోళ్లకు, చూడ్డానికొచ్చే జనం కాళ్లకు అందకుండా ఉంటాయి. ముందు కాలి అడుగు గుండ్రంగా ఉంటుంది, వెనక కాలిది కోలగా. ముందు కాలి అడుగు చుట్టూ పురికొస పెట్టి కొలిచి రెండింతలు చేస్తే ఏనుగు భుజం ఎత్తు దాదాపుగా వస్తుంది. ఇది ఏనుగుల జాడ పట్టే ట్రాకర్లందరికీ తెలిసిన లెక్క. ఆ కొలత ఫొటోలో కనబడితే అటవీ శాఖ బీట్ ఆఫీసర్ ఇక జంతువు గురించి వాదించడు.

ఫొటోలు జీపీఎస్ కెమెరా యాప్‌తో తీయండి, తేదీ, అక్షాంశ రేఖాంశాలు మీదే పడతాయి. నాలుగు మూలల నుంచి నాలుగు. లద్దె ఒకటి. విరిగిన పైపు ఒకటి. కరెంటు స్తంభం నంబరు కనబడేలా ఇంకొకటి, ఎందుకంటే స్తంభం నంబరును ఎవరూ కాదనలేరు.

బీట్ ఆఫీసర్‌కు ఆ ఉదయమే ఫోన్ చేయండి, ఫోన్ చేసినట్టు మెసేజ్ కూడా పెట్టండి. అర్జీ రాయడం తేలిక, అరపేజీ చాలు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, 1బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే నకలు), అడంగల్ (ఏ నంబరులో ఏ పంట ఉందో చెప్పే నకలు), ఈ-పంట (ప్రభుత్వ పంట లెక్క) నమోదు కాగితం, ఫొటోలు జతచేయాలి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాపీ మీ ఇంట్లో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

డీఆర్‌ఓను కలవమంటే కలెక్టరేట్‌కు పరిగెత్తకండి. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో డీఆర్‌ఓ అంటే సెక్షన్ చూసే డిప్యూటీ రేంజ్ ఆఫీసర్. కలెక్టరేట్‌లో ఉన్నది జిల్లా రెవెన్యూ అధికారి, ఆయనకూ మన టమోటాకూ సంబంధం లేదు.

భూమి కాగితాల్లో చిక్కు ఎక్కడంటే, రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. అన్నదమ్ములు పంచుకున్న భూమి చాలాచోట్ల ఒకే జాయింట్ ఎల్‌పీఎంలో ఉంది. ఈ-పంటలో టమోటా తమ్ముడి ఖాతాలో, మామిడి అన్న ఖాతాలో పడి ఉంటుంది, నిజానికి అటుది ఇటు. ఏనుగు రాకముందే రైతు సేవా కేంద్రానికి వెళ్లి మీ పేరు మీద ఏ పంట, ఎన్ని సెంట్లు నమోదయిందో చూసుకోండి, ఆ నమోదుకు వేలిముద్ర వేసేముందే. కౌలుదారుకు సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) లేకపోతే డబ్బు పట్టాదారు అకౌంట్లోకి పోతుంది, ఆ తర్వాత మీ ఇద్దరి మంచితనం. కార్డు గడువు 11 నెలలే అని మరిచిపోవద్దు. డీకేటీ పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టా) అయితే ఒరిజినల్ చూపించండి. పొలం రిజర్వు ఫారెస్టుకు ఆనుకుని ఉంటే ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు దగ్గరుంచుకోండి. అడవి హద్దురాయి మీ గెనిం (గట్టు) లోపల ఉందని ఒక్క మాట పడిందంటే పరిహారం మాట అటుంచి ఆక్రమణ మాట వస్తుంది.

ఇంతదాకా ఓపిక ఉంటే చాలు. అసలు నరకం పంచనామా.

పంచనామా అంటే అటవీ సిబ్బంది, వీఆర్వో, ఉద్యాన సహాయకుడు కలిసి తోటకొచ్చి నష్టం రాసుకునే పని. ముగ్గురూ ఒకే రోజు రావడం గగనం. ఒకరు వచ్చి చూసి, మిగతావాళ్లు తర్వాత సంతకం పెట్టడం మామూలు. ఇక్కడే మనిషి విలువ తెలుస్తుంది. వచ్చినాయన మోటార్‌సైకిల్ దిగలేదు. గెనిం మీదినుంచే తల తిప్పి చూశాడు. "ఏమప్పా, ఏనుగు నడిచిన దోవ ఇంతేగా, పది శాతం కూడా లేదే" అన్నాడు. పైపుల సంగతి ఎత్తితే "పాత పైపులు ఏనుగు పేరు చెప్పి మార్చుకోవాలనా" అని నవ్వాడు. కూలివాళ్ల ముందర. తర్వాత ఇంకొకాయన 33 శాతం నష్టం ఉంటేనే రాస్తామన్నాడు.

ఈ 33 శాతం ఎక్కడిదో చెప్తా. వానకు, కరువుకు, తుఫానుకు పంట పోతే ఇచ్చే పెట్టుబడి రాయితీ లెక్క అది. వ్యవసాయ సిబ్బంది నోట్లో ఎప్పుడూ నానే మాట కాబట్టి ఏనుగుకు కూడా అదే అతికించేస్తారు. గొడవపడొద్దు. "సార్, ఏనుగు నష్టానికి ఆ 33 శాతం రాసి ఉన్న ఉత్తర్వు కాపీ ఇప్పించండి, అర్జీకి జతచేస్తా" అని మర్యాదగా అడగండి. నేను అడిగాను, కాపీ రాలేదు, ఆ మాట మళ్లీ వినబడనూ లేదు.

శాతం అనే మాటనే పంచనామాలో రానీయొద్దు. సెంట్లలో రాయించండి. శాతం కంటి లెక్క, సెంటు టేపు లెక్క. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. 66 అడుగులు పొడవు, 66 అడుగులు వెడల్పు ఉన్న ముక్క సరిగ్గా 10 సెంట్లు. వంద అడుగుల టేపు మీరే తెచ్చుకోండి, వాళ్ల దగ్గర ఉండదు.

కర్రలు నాటి కట్టిన టమోటాలో నష్టాన్ని అడుగుల దారి బట్టి కొలిస్తే నిలువునా మునిగినట్టే. ఏనుగు నడిచిన దోవ 8 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు అనుకుందాం. 1,600 చదరపు అడుగులు, అంటే నాలుగు సెంట్లు కూడా కాదు. కానీ సాలు మొత్తం ఒకే వైరు మీద నిలబడి ఉంటుంది. చివరి గూటం (గుంజ) ఒక్కటి విరిగితే వైరు సడలి, కాయల బరువుకు 120 అడుగుల సాలు మొత్తం ఒకవైపు పడుకుంటుంది. సాలుకు సాలుకు మధ్య 5 అడుగులు. ఒక సాలు పడితే 600 చదరపు అడుగులు. ఇరవై సాళ్లు పడితే 12,000, అంటే ఇరవై ఏడున్నర సెంట్లు. నాలుగెక్కడ, ఇరవై ఏడెక్కడ! ఈ లెక్క కాగితం మీద వేసి, పడిన సాళ్లు ఒక్కొక్కటిగా చూపిస్తూ నడిపించాలి. మోటార్‌సైకిల్ దిగేదాకా నేను వదల్లేదు. మా చుట్టుపక్కల ఈ లెక్క అంత పకడ్బందీగా వేసి చూపించేవాడు ఇంకొకడు లేడని చెప్పుకోడానికి నాకేం సిగ్గులేదు.

"పడినవి లేపి కట్టుకోవచ్చు కదా" అంటారు తప్పకుండా. దానికి జవాబు కూడా తోటలోనే ఉంది. పడిన చెట్టును మొదట్లో పట్టుకుని చూపించండి. కాండం మడతపడిన చోట నార చీలి ఉంటుంది, మధ్యాహ్నానికి ఆకు వాలిపోతుంది. బతికిన వాటికీ ఆకు నీడ తిరగబడి పచ్చికాయలు ఎండకు ఎదురవుతాయి. రెండు మూడు రోజులకు కాయ భుజం మీద తెల్లమచ్చ వస్తుంది, ఆ కాయను మండీలో పక్కకు తోసేస్తారు. మచ్చపడిన కాయల ఫొటో కూడా తీసి ఫైలుకు చేర్చండి.

పైపులు, గేట్‌వాల్వులు, స్టార్టర్ పెట్టె పంట కాలమ్‌లో ఇరికించొద్దు. మొత్తం జాబితా కొట్టేయడానికి అది సాకు అవుతుంది. 16 ఎంఎం లేటరల్ ఎన్ని మీటర్లు, పీవీసీ ఎన్ని ముక్కలు, ఏ సైజు అని వేరే కాగితం రాసి, జీఎస్టీ బిల్లులతో ఆస్తి నష్టం కింద ఇవ్వండి. అరటి ఉంటే చెట్లు లెక్కపెట్టి రాయించండి. ఏనుగు బోదె చీల్చి లోపలి ఊచ తినేసి పైపట్టలు వదిలేస్తుంది కాబట్టి దూరం నుంచి చెట్టు ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది.

పంచనామా చదవకుండా సంతకం పెట్టొద్దు. ఖాళీ గడులు ఉంటే అడ్డగీత కొట్టించండి. చివరిగా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తీయొద్దంటే ఎందుకని అడగండి.

తర్వాత ఫైలు సెక్షన్ నుంచి రేంజ్‌కు, అక్కడినుంచి డీఎఫ్‌ఓకు (జిల్లా స్థాయి అటవీ అధికారికి) వెళ్తుంది. ఎక్కడ ఆగిందో నోటిమాటగా అడిగితే "పైకి పంపినాం" అంటారు. పైకి అంటే ఎక్కడికో ఎవరూ చెప్పరు. పంపిన తేదీ, నంబరు అడగండి. రెండూ చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదికలో) అర్జీ ఇవ్వొచ్చు, ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేయొచ్చు. అయితే సోమవారం అర్జీ తిరిగి తిరిగి అదే కింది ఆఫీసుకే వస్తుంది. అందులో పంచనామా తేదీ, ఫైలు నంబరు లేకపోతే "విచారణలో ఉంది" అని మూసేస్తారు.

ఒక మాట మధ్యలో. విసిగిపోయి కంచెకు కరెంటు తగిలించే వాళ్లున్నారు. రాత్రి వైరు లాగి పొద్దున్నే చుట్టేస్తే ఎవరికీ తెలియదనుకుంటారు. ఏనుగు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. చస్తే 3 నుంచి 7 ఏళ్ల జైలు, పైన కరెంటు దొంగతనం కేసు. అంతకన్నా ముందు చచ్చేది మడికి నీళ్లు కట్టడానికి చీకట్లో వెళ్లిన కూలివాడు. సోలార్ కంచె ఎనర్జైజర్ క్షణకాలం దెబ్బ కొట్టి వదులుతుంది, లైను కరెంటు వదలదు. సోలార్ కంచె వేసినా తీగకు గడ్డి తగిలితే దెబ్బలో బలం ఉండదు, వారానికోసారి కింద కలుపు కోయాలి. 2025 మే నెలలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చినవి) తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపులో పెట్టారు. మంచిదే. కానీ మంద ఎక్కడ దిగినా కుంకీని లారీ ఎక్కించి తీసుకురావాలి, ఆలోపు తోట అయిపోతుంది. రాత్రి ట్రాకర్లు ఇచ్చే సమాచారమే ఎక్కువ పంట కాపాడుతుంది, వాళ్ల నంబరు ఊరి వాట్సాప్ గ్రూపులో ఉండాలి.

చివరి మెలిక బ్యాంకు. మంజూరు ఉత్తర్వు వచ్చాక కూడా డబ్బు పడకపోతే ఆధార్ ఏ బ్యాంకుకు లింకయిందో చూడండి. ఎప్పుడో జీరో బ్యాలెన్స్ అని తెరిచి మరిచిపోయిన అకౌంట్లో పడి ఉండొచ్చు. డీఎఫ్‌ఓ ఆఫీసులో బిల్లు నంబరు అడిగి తీసుకుంటే ప్రభుత్వ బిల్లుల వెబ్‌సైటు సీఎఫ్‌ఎంఎస్‌లో అది ఎక్కడుందో చూసుకోవచ్చు. నాకు పడిన డబ్బు కర్రలకు, వైరుకు, కట్టుడు కూలికి సరిపోయింది. కాయల ఖరీదు అందులో లేదు, ఉంటుందని ఆశపెట్టుకోకండి. మంజూరు ఉత్తర్వు నకలు మాత్రం దాచుకోండి. ఏనుగు మళ్లీ వస్తే ఆ నంబరు కొత్త అర్జీలో మొదటి వాక్యంగా రాయొచ్చు, ఈసారి పది శాతం అనడానికి ఎవరైనా కాస్త ఆలోచిస్తారు.