కష్టమేనండి

జపాన్ నుంచి సరుకు చూడటానికి వచ్చిన ఆయన మా ఫ్యాక్టరీలో తయారైన తెల్లటి మందు పొడిని కాగితం మీద పలచగా పరిచి, పక్కనుంచి టార్చి వేసి పావుగంట చూశారు. చివరికి పట్టకారుతో ఒక నల్లటి చుక్కను తీసి చిన్న కవరులో వేసి, దాని మీద తేదీ రాసుకున్నారు. ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. మా మార్కెటింగ్ మేనేజరు గారు వెంటనే పరీక్షల నివేదిక ముందు పెట్టారు. శుద్ధత, తేమ, మలినాలు అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి. ఆయన ప్రతి అంకెనూ శ్రద్ధగా చూస్తూ "హై, హై", అంటే అవునవును, అన్నారు. తర్వాత పళ్ల సందుల్లోంచి గాలి పీల్చుకుని, ఇది కొంచెం కష్టం అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పారు.

ఆ రాత్రి మేనేజరు గారు ఎండీ గారికి ఫోను చేసి, "అన్నింటికీ అవునన్నారు సార్, కొంచెం కష్టపడితే ఆర్డరు మనదే" అన్నారు. మూడు నెలలు ఎదురుచూశాం. వద్దని ఎవరూ చెప్పలేదు, ఆర్డరూ రాలేదు.

నేను బొల్లారంలో మాత్రల్లో వాడే అసలు మందు పొడిని తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ నాణ్యత విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చాక, అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి పెట్టిన కంపెనీలతోనే హైదరాబాద్‌లో ఈ పరిశ్రమ విస్తరించింది. మాకు కెమిస్ట్రీ బాగా వచ్చు. అది వస్తే ప్రపంచంలో ఎక్కడైనా సరుకు అమ్ముకోవచ్చని నమ్మినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఆ దెబ్బ తర్వాత యాజమాన్యం రెండు రోజుల ‘సాంస్కృతిక అవగాహన’ శిక్షణ పెట్టిస్తే నాకు ఒళ్లు మండింది. ఆ డబ్బుతో ఒక మంచి జల్లెడ యంత్రం కొనవచ్చు కదా అని పైకే అన్నాను.

మొదటి రోజు నా మాటే నిజమనిపించింది. ఎంత వంగి నమస్కరించాలి, విజిటింగ్ కార్డును రెండు చేతులతో ఎలా అందుకోవాలి, దాన్ని ప్యాంటు వెనక జేబులో ఎందుకు పెట్టకూడదు, ఇదే సరిపోయింది. వాల్‌మార్ట్ 1997లో జర్మనీకి వెళ్లి 2006లో దుకాణాలు అమ్ముకుని వచ్చేసిందనీ, వచ్చిన ప్రతివాళ్లనూ చూసి సిబ్బంది నవ్వడం అక్కడి జనానికి నచ్చలేదనీ చెప్పారు. నవ్వు సంగతి ఎలా ఉన్నా, అప్పటికే ఆల్డీ, లిడిల్ అనే జర్మనీ దుకాణాలు అక్కడ చవకగా అమ్ముతూ పాతుకుపోయి ఉన్నాయి. శిక్షణ ఇచ్చేవాళ్లకు మాత్రం నవ్వు కథే ఇష్టం.

రెండో రోజు ఆ శిక్షకురాలు బోర్డు తుడిచేసి, "‘కాదు’, ‘వద్దు’, ‘కుదరదు’ అనే మాటలు వాడకుండా తెలుగులో ఎన్ని రకాలుగా కాదనవచ్చో చెప్పండి" అన్నారు. ముందు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత స్టోర్స్ సూపర్‌వైజరు ‘చూద్దాం’ అన్నాడు. ఇక ఆగలేదు. ‘అలాగే లెండి.’ ‘కనుక్కుని చెబుతాను.’ ‘ఇంట్లో ఒక మాట అడగాలి.’ అప్పు అడిగితే ‘ఒకటో తారీఖు పోనివ్వండి.’ సంబంధం నచ్చకపోతే ‘అమ్మాయి ఇంకా చదువుకుంటానంటోంది’, అదీ చాలకపోతే ‘జాతకాలు కలవలేదు.’ బోర్డు నిండిపోయాక, కింద మూలన మిగిలిన చోట మా మేనేజరు గారే స్వయంగా లేచి వెళ్లి ‘కష్టమేనండి’ అని రాశారు. రాసి, చాక్‌పీస్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఇంటి అద్దె తగ్గించమంటే ఓనరు ‘కష్టమేనండి’ అన్నాడనుకోండి, కొంచెం కష్టపడితే తగ్గిస్తాడని మనలో ఎవరూ అనుకోం. జపాన్ ఆయన అన్నదీ అదే. కాకపోతే ఆయన జపనీస్‌లో అనుకున్నది ఇంగ్లీషులో చెప్పారు, మేం దాన్ని ఇంగ్లీషులోనే అర్థం చేసుకున్నాం. తెలుగులో విని ఉంటే అక్కడికక్కడే తెలిసేది. ‘హై’ కూడా అంతే. అది ఒప్పుకోలు కాదు, కథ వింటూ పిల్లలు ఊఁ కొట్టడం లాంటిది. జపనీస్‌లో ఇలా ఊఁ కొట్టడాన్ని ‘ఐజుచి’ అంటారట. కొలిమి దగ్గర ఇద్దరు కమ్మరులు ఒకరి తర్వాత ఒకరు సమ్మెట దెబ్బ వేయడం నుంచి వచ్చిన మాట. సగం మాటల్లో, సగం సందర్భంలో చెప్పే సమాజాల గురించి ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1976లోనే రాశాడని ఆమె చెప్పారు. మా అమ్మకు ఆయన పుస్తకం అక్కర్లేదు కానీ, మాకు కావలసి వచ్చింది.

అన్నట్టు, ఇంటిపేరు ముందు రాయడంలోనూ వాళ్లూ మనమూ ఒకటే. 2020 జనవరి నుంచి జపాన్ ప్రభుత్వం తన అధికారిక ఇంగ్లీషు పత్రాల్లో కూడా ఇంటిపేరునే ముందు పెడుతోంది. మనం మాత్రం వీసా ఫారం చేతికి రాగానే పేరును తలకిందులు చేసుకుంటాం.

శిక్షణకు ప్యాకింగ్ విభాగం వాళ్లను కూడా పిలవాలని నేను పట్టుబట్టాను. పరాయి దేశం కొనుగోలుదారు మొట్టమొదట చూసేది మా ముఖాలు కాదు, వాళ్లు సర్దిన డ్రమ్ములు. డ్రమ్ముకు చిన్న సొట్ట ఉన్నా జపాన్ వాళ్లు ఒప్పుకోరంటే కుర్రాళ్లు నవ్వారు, లోపలి సరుకు బాగానే ఉంది కదా అని. ప్యాకింగ్‌లో ముప్పై ఏళ్లున్న పెద్దాయన వాళ్లవైపు తిరిగి, "నలిగిన శుభలేఖ ఇచ్చి పెళ్లికి పిలుస్తామా? భోజనం బాగానే ఉంటుంది, అయినా ఇస్తామా?" అన్నారు. నేను పదిసార్లు చెప్పినా ఎక్కనిది అప్పుడు ఎక్కింది.

జర్మనీ వాళ్లతో తంటా వేరు. అక్కణ్ణుంచి ఫ్యాక్టరీ తనిఖీకి వచ్చిన ఆడిటరు, ఒక విడత సరుకు ఎలా తయారైందో రాసి ఉంచే బ్యాచ్ రికార్డు తెరిచి, రెండేళ్ల అనుభవమున్న కెమిస్టును సూటిగా అడిగారు, ఈ ఉష్ణోగ్రత ఎందుకు పెరిగింది అని. కుర్రాడికి సమాధానం తెలుసు. అయినా పక్కనే ఉన్న తన సార్ ముఖం చూశాడు. సార్ ఉండగా ముందు తను మాట్లాడితే ఏం బాగుంటుంది? సిబ్బందికి ప్రక్రియ మీద అవగాహన లేదని ఆడిటరు రాసేశారు. హోఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో మొదలుపెట్టి పైవాళ్ల అధికారాన్ని కిందివాళ్లు ఎంతగా ఒప్పుకుంటారో చూపే ‘అధికార దూరం’ అని ఒక కొలత లెక్కగట్టాడు. అందులో భారత్‌కు 77, జపాన్‌కు 54, జర్మనీకి 35. దేశమంతటికీ ఒక అంకె వేయడం నాకు నచ్చదు. మా ఫ్యాక్టరీలోనే ఎండీ గారితో వాదించే ఫిట్టరు ఉన్నాడు. కానీ ఆ కుర్రాడి చూపు మాత్రం 77కీ 35కీ మధ్య ఇరుక్కున్నదే. ఆ తర్వాతి ఆడిట్ నుంచి సార్ ముందే "నువ్వే చెప్పు బాబూ, నేను వింటాను" అనడం మొదలుపెట్టారు. అయితే ఆ ఆడిటరుకు కూడా ఎవరైనా ఒక పూట శిక్షణ ఇచ్చి ఉంటే బాగుండేది. సర్దుకోవడం ఎప్పుడూ అమ్మేవాడి వంతే కానక్కర్లేదు.

ఏడాదికి జపాన్ ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి ‘కష్టం’ అనగానే మేనేజరు గారు ఫైలు మూసేసి, ఏం చేస్తే మీకు సులువవుతుందని అడిగారు. ఆయన గంటసేపు మాట్లాడారు. జల్లెడ, అయస్కాంతం, దీపం కింద తనిఖీ, డ్రమ్ములకు కొత్త అట్టలు. నేను అడిగిన జల్లెడ యంత్రం అలా వచ్చింది.

భోజనాల దగ్గర మా బోర్డు కథ చెబితే ఆయన పడీపడీ నవ్వారు. తమ దగ్గర ‘కెంటో షిమస్’, అంటే పరిశీలిస్తాం అంటే చాలు, ఇక ఆశ వదులుకోవచ్చన్నారు. తెలుగు మాటలు రెండు మూడు నోటుపుస్తకంలో రాసుకున్నారు. ప్రయోగాత్మకంగా ఒక బ్యాచ్‌కు ఆర్డరు ఇచ్చి, కారెక్కబోతుండగా మా మేనేజరు గారు ఉండబట్టలేక, మూడేళ్ల ఒప్పందం కూడా ఇప్పుడే రాసుకుందామా అని అడిగారు.

ఆయన తలుపు పట్టుకుని ఆగి, నోటుపుస్తకం ఒకసారి తెరిచి చూసుకుని, "చూద్దామండి" అన్నారు.