అలిపిరి మెట్ల మీద స్టేడియం చర్చ

ఈసారి తిరుమల కొండ ఎక్కుతూ మేం మాట్లాడుకున్నది దాదాపు అంతా ఫుట్‌బాల్ స్టేడియంల గురించే. మొక్కు నాది, తోడు వచ్చింది మా అన్న కొడుకు, వాదన ఇద్దరిదీ.

ఒంగోలులో రైలెక్కి గూడూరు మీదుగా తిరుపతి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా పెదనాన్న కొడుకు ఇక్కడే స్థిరపడ్డాడు. పగలు ఉద్యోగం, సాయంత్రం పిల్లలకి ఫుట్‌బాల్ కోచింగ్. స్టేషన్ నుంచి ఇంటికి కాకుండా నేరుగా గ్రౌండ్‌కే తీసుకెళ్లాడు. "బ్యాగు ఆడ పెట్టు, ముందు పిల్లోళ్ల ఆట చూడు" అన్నాడు.

ఒక గోల్‌పోస్టుకి తుప్పు పట్టింది. వల తెగినచోటల్లా నైలాన్ తాడుతో ముడులేశారు. ఒక కుర్రాడు డబ్బాలో సున్నం పోసుకుని వంగి గీత గీస్తున్నాడు. పెనాల్టీ బాక్సు దగ్గర రాయి అడ్డొస్తే కాలితో పక్కకి నెట్టి, వంకర పోయిన గీతని చెరిపి మళ్లీ గీశాడు. గడ్డి కుళాయి చుట్టూ తప్ప ఎక్కడా లేదు. అమ్మాయిల జట్టు ఉంది, వాళ్లకి బట్టలు మార్చుకునే గది లేదు. చుట్టూ నిలబడి చూసేవాళ్లు రెండు వందల మంది ఉంటారేమో. ప్రహరీ నీడలో తల్లులు కూర్చున్నారు.

ఈ క్లబ్బు ముందు ఇప్పుడో ప్రతిపాదన ఉంది. చందాలు కొంత పోగయ్యాయి. ఒక దాత ఇంకొంత ఇస్తానంటున్నాడు, కానీ రెండు వేల మంది కూర్చునే కాంక్రీటు గ్యాలరీ కడితేనే, దాని మీద వాళ్ల నాన్న పేరు వేస్తేనే. కడితే జనం వాళ్లంతట వాళ్లే వస్తారని కమిటీలో సగం మంది నమ్మకం. అన్న ఏమీ తేల్చడం లేదు. వాళ్లబ్బాయి మాత్రం కట్టాల్సిందే అని పట్టుబట్టాడు. వాడు డిగ్రీ చదువుతున్నాడు. లండన్ క్లబ్బు ఆర్సెనల్ అంటే ప్రాణం, మ్యాచ్ ఉన్న రాత్రి నిద్రపోడు.

మర్నాడు తెల్లవారకముందే పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాం. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిట్టనిలువుగా ఉంటుంది, అక్కడ మాటలు రావు. మా ముందు ఒకామె ప్రతి మెట్టుకీ పసుపు రాసి, మూడు వేళ్లతో కుంకుమ పెట్టి, పైమెట్టుకి జరుగుతోంది. నడుం పట్టేసినప్పుడల్లా గోడకి ఆనుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుని మళ్లీ వంగుతోంది. మేం ఆమెని దాటి వెళ్లడానికి మొహమాటపడి కాసేపు వెనకే నడిచాం.

గాలిగోపురం దాటాక దారి చదునుగా ఉంటుంది. వాడు అక్కడే మొదలుపెట్టాడు. "బాబాయ్, హైబరీలోనే ఉండిపోయుంటే ఆర్సెనల్ ఈరోజు ఎక్కడుండేది చెప్పు?"

వాడి మాటలో పస ఉంది. ఆర్సెనల్ పాత మైదానం హైబరీలో పట్టేది సుమారు 38 వేల మంది. టికెట్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే జాబితా ఉండేది. 2006లో సుమారు 39 కోట్ల పౌండ్ల ఖర్చుతో ఎమిరేట్స్ అనే కొత్త స్టేడియం కట్టి 60 వేలకి పెంచారు. పాత మైదానంలో ఫ్లాట్లు కట్టి అమ్మారు. ఈ రోజు ఆ సీట్లు నిండుతున్నాయి. కాదనను.

కానీ మధ్యలో ఆ అభిమానులు ఏం భరించారో వాడికి గుర్తులేదు, అప్పటికి వాడు చిన్నపిల్లాడు. 2005లో ఎఫ్ఏ కప్ గెలిచాక మళ్లీ ఒక కప్పు చూడటానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. జట్టులో పెద్ద ఆటగాళ్లు కూడా నిలవలేదు: 2011లో ఫాబ్రెగాస్ వెళ్లిపోయాడు, ఆ తర్వాతి ఏడాది వాన్ పెర్సీ. లండన్‌లోనే ఇంకో క్లబ్బు టాటెన్‌హామ్‌దీ దాదాపు ఇదే కథ. సుమారు వంద కోట్ల పౌండ్లు పెట్టి 2019లో 62,850 సీట్ల స్టేడియం తెరిచారు. అది పూర్తయ్యేదాకా సొంతిల్లు లేక వెంబ్లీ జాతీయ స్టేడియంలో ఆడారు. 2018 వేసవిలో ఒక్క ఆటగాణ్నీ కొనలేదు. ఇప్పుడక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఆడిస్తున్నారు, సంగీత కచేరీలు పెడుతున్నారు, డబ్బు వస్తోంది. అంత పెద్ద నగరం, అంత గిరాకీ ఉన్న క్లబ్బులకే అన్నేళ్లు ఊపిరాడలేదు.

మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చుని సోడా తాగుతూ డార్లింగ్టన్ గురించి చెప్పాను. అప్పట్లో ఇంగ్లండ్‌లో నాలుగో స్థాయి లీగు క్లబ్బు. మ్యాచ్‌కి కొన్ని వేల మంది వస్తే గొప్ప. ఓనరు 2003లో 25 వేల సీట్లతో స్టేడియం కట్టించాడు. కొన్ని నెలల్లోనే క్లబ్బు దివాలా అంచుకి చేరి ఇతరుల నిర్వహణలోకి పోయింది. 2012లో పాత క్లబ్బు కుప్పకూలితే అభిమానులే కొత్తగా మొదలుపెట్టి, ఎక్కడో కిందిస్థాయి లీగు నుంచి మళ్లీ ఎక్కాల్సి వచ్చింది. ఖాళీ కుర్చీలు టికెట్ కొనవు. కానీ వాటి కరెంటు బిల్లు, మరమ్మతులు, అప్పు మీద వడ్డీ ఆగవు.

"అంటే కట్టనే వద్దంటావా?" అన్నాడు వాడు.

అలా అనలేదు. లండన్‌లోని చిన్న క్లబ్బు బ్రెంట్‌ఫర్డ్‌ని చూడమన్నాను. పాత గ్రిఫిన్ పార్క్ ఇరుకైంది. 2020లో కొత్త స్టేడియంలోకి మారారు, దానిలో సీట్లు సుమారు 17 వేలే. తర్వాతి ఏడాదే ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పైస్థాయి అయిన ప్రీమియర్ లీగ్‌కి వచ్చారు. వచ్చే జనమెంతో తెలిసి కట్టుకున్న ఇల్లు అది. లివర్‌పూల్ నగరంలోని ఎవర్టన్ క్లబ్బు కూడా నాకు ఇష్టం. 1892 నుంచి ఆడిన గూడిసన్ పార్క్‌ని వదిలి 2025లో రేవు పక్కన 52 వేలకి పైగా పట్టే స్టేడియానికి వెళ్లారు. పాతదాన్ని కూల్చకుండా మహిళల జట్టుకి ఇచ్చారు. అలా చేసిన క్లబ్బంటే నాకు గౌరవం.

తిరుమలలో వైకుంఠం కాంప్లెక్సు కంపార్ట్‌మెంట్లో కూర్చున్నప్పుడు నా మాట వాడికి సరిగ్గా అందిందనుకుంటాను. చుట్టూ వందల మంది, పిల్లలు అమ్మల ఒళ్లో నిద్రపోతున్నారు, ఒకాయన పాల గ్లాసులు అందిస్తున్నాడు. "ఈ కాంప్లెక్సు కట్టాక జనం వచ్చారా, జనం తట్టుకోలేనంతగా వచ్చాక ఇది కట్టారా?" అని అడిగాను. జనం వచ్చారు, మొదటిది కట్టారు, అదీ చాలక రెండోది కట్టారు. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తలుపు తీశారు, అందరం లేచాం, గోవింద నామాల మధ్య ఆ మాట అక్కడితో ఆగింది. దర్శనం బాగా అయింది.

కిందికి బస్సులో దిగుతుంటే మలుపుల్లో మళ్లీ ఎత్తుకున్నాడు, ఈసారి మన దేశం గురించి. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో 1997లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఫెడరేషన్ కప్ సెమీస్‌కి లక్షా ముప్పై వేల మంది వచ్చారు కదా అన్నాడు. వచ్చారు. ఆ రెండు జట్ల పోటీ అంటే జనం అలా వస్తారు. మామూలు రోజున అదే స్టేడియంలో గొంతు ప్రతిధ్వనిస్తుంది. అదీకాక ఆ స్టేడియం క్లబ్బులది కాదు, ప్రభుత్వానిది. మన దగ్గర చాలా క్లబ్బులకి సొంత నేల లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా గచ్చిబౌలిలో ప్రభుత్వ స్టేడియంలోనే ఆడింది. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది, 2025కల్లా క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది. భారత జట్టు కోచ్ రహీం సాబ్ పుట్టిన, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన ఆ భారత జట్టుకి అంతమంది ఆటగాళ్లనిచ్చిన ఊరికి అలాంటి రోజు రావడం నాకిప్పటికీ బాధే.

అన్న వాళ్ల గ్రౌండు కూడా క్లబ్బుది కాదు. రాతపూర్వకమైన లీజు లేదు. రేపు ఖాళీ చేయమంటే గ్యాలరీని భుజాన వేసుకుని వెళ్లలేరు. ఈ సంగతి మాత్రం వాడు వెంటనే ఒప్పుకున్నాడు.

ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు నన్నూ పిలిచారు. దాత కూడా వచ్చాడు, మంచి మనిషి. ఆయన తండ్రి కూడా ఫుట్‌బాల్ ఆడేవాడట. "మా నాయన పేరు నిలబడాల, అంతే" అన్నాడు. పేరు గ్యాలరీకే ఎందుకు, బోరుకీ గడ్డికీ పెట్టొచ్చు కదా, అమ్మాయిల గదికి పెట్టొచ్చు కదా అన్నాను. అన్న అప్పుడు నోరు తెరిచాడు. "పిల్లోళ్ల మోకాళ్లు చీరుకుపోతాండాయి, ముందు నేల బాగుచేద్దామబ్బా" అన్నాడు. దాత చాలాసేపు ఆలోచించి, బోరుకి ఒప్పుకున్నాడు. మిగతాది లీజు కాగితం చేతికొచ్చాక చూద్దామన్నాడు.

గ్యాలరీ విషయం మాత్రం పూర్తిగా పక్కన పెట్టలేదు. వచ్చే సీజన్ అంతా ప్రతి మ్యాచ్‌కీ నిలబడి చూసినవాళ్లని లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలని తీర్మానించారు. ఆ పని మా వాడికే అప్పగించారు. నేను రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీద వాడు అడుగుతున్నాడు: ప్రహరీ ఎక్కి చూసేవాళ్లని లెక్కలో వేయాలా, ఫైనల్‌కి మాత్రమే వచ్చేవాళ్లని తీసేయాలా అని. ప్రహరీ ఎక్కినవాళ్లని తప్పకుండా వేయమన్నాను. ఫైనల్ జనాన్ని వేరే పేజీలో రాయమన్నాను. దానికి వాడు ఇంకా ఒప్పుకోలేదు.