సున్నపు తేట టైట్రేషన్: లెక్క పుస్తకంతో ఎందుకు కలవదు

సంతృప్త ద్రావణం అంటే కరగడం ఆగిపోయిన ద్రావణం అనుకుంటారు చాలామంది. అడుగున ఘనపదార్థం ఉన్నంతసేపూ అది కరుగుతూనే ఉంటుంది. అంతే వేగంతో అయాన్లు (కరిగాక విడిపోయిన, విద్యుదావేశమున్న కణాలు) తిరిగి ఘనంలో చేరుతుంటాయి. అందుకే అడుగున ఎంత మిగిలినా గాఢత మారదు. దీన్ని కొలిచి చూడటానికి కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, చాలా మంచి పదార్థం; దీని సంతృప్త ద్రావణమే సున్నపు తేట.

250 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ మరగబెట్టి, మూతపెట్టి చల్లార్చండి. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఉంటే సున్నం కొంత కార్బోనేట్‌గా మారిపోతుంది. ఇందులో 1 గ్రాము కాల్షియం హైడ్రాక్సైడ్ వేయండి. కరిగేది సుమారు 0.4 గ్రాములే. బిరడా బిగించి బాగా కుదిపి, ఒక రాత్రి ఉంచి, ఉష్ణోగ్రత రాసుకోండి. వేడి చేస్తే ఎక్కువ కరుగుతుందని మాత్రం అనుకోవద్దు. వేడి పెరిగేకొద్దీ దీని ద్రావణీయత తగ్గుతుంది.

తప్పులన్నీ వడపోత దగ్గరే జరుగుతాయి. ఫిల్టర్ పేపరు, ఫ్లాస్కు రెండూ పొడిగా ఉండాలి. తడి ఫ్లాస్కు వాడితే ద్రావణం పలచబడి రీడింగు తగ్గుతుంది. మొదట దిగిన కొన్ని మి.లీ. పారబోయండి. వడకట్టింది మసకగా ఉంటే మళ్లీ వడకట్టాల్సిందే, ఎందుకంటే ఆ సన్నటి రేణువులు కూడా ఆమ్లాన్ని తినేస్తాయి. టైట్రేషన్‌లో ఎండ్ పాయింటు (గులాబీ రంగు పోయే క్షణం) దాటాక కాసేపటికి గులాబీ రంగు తిరిగొస్తే కారణం చాలావరకు ఇదే.

వడకట్టిన ద్రావణం 25 మి.లీ. రబ్బరు బల్బుతో పిపెట్ చేసి (నోటితో పీల్చొద్దు, ఇది గట్టి క్షారం), క్షారంలో గులాబీ రంగిచ్చే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి, అంటే రంగు పోయేదాకా ఎంత ఆమ్లం పట్టిందో కొలవండి. 25 డిగ్రీల దగ్గర 10.2 మి.లీ. పట్టిందనుకుందాం. హైడ్రాక్సైడ్ 0.0408 మోలార్, ఒక్కో కాల్షియంకు రెండు హైడ్రాక్సైడ్లు కాబట్టి కాల్షియం అందులో సగం, 0.0204. కాల్షియం గాఢతను హైడ్రాక్సైడ్ గాఢత వర్గంతో గుణిస్తే 3.4 × 10⁻⁵.

ఈ గుణకారం ఫలితాన్నే ద్రావణీయతా లబ్ధం అంటారు; పుస్తకంలో అది సుమారు 5 × 10⁻⁶ అని ఉంటుంది. దాదాపు ఏడు రెట్ల తేడా! ఇక్కడే విద్యార్థులు కంగారుపడి రీడింగులు దిద్దుతారు. దయచేసి దిద్దకండి, మీ టైట్రేషన్ సరైనదే. పుస్తకంలోని విలువ అయాన్ల యాక్టివిటీలతో, అంటే అవి నిజంగా పనిచేసే గాఢతతో, కట్టినది. ఇంత గాఢతలో అయాన్లు ఒకదాన్నొకటి లాగుతుంటాయి, కొంత కాల్షియం ఒక హైడ్రాక్సైడ్‌తో జతకట్టి ఉంటుంది. టైట్రేషన్ మాత్రం విడిగా ఉన్నదాన్నీ జతకట్టినదాన్నీ కలిపి లెక్కపెడుతుంది. పీహెచ్ మీటరు పెట్టి చూడండి: 12.45 దగ్గర చూపిస్తుంది, అంటే హైడ్రాక్సైడ్ యాక్టివిటీ 0.028 మాత్రమే.

ఇదే ప్రయోగాన్ని నీళ్లకు బదులు 0.05 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో చేస్తే ఉమ్మడి అయాన్ ప్రభావం (ద్రావణంలో హైడ్రాక్సైడ్ ముందే ఉండటంతో సున్నం తక్కువ కరగడం) కనిపిస్తుంది: కరిగే కాల్షియం సగం కన్నా తక్కువకు పడిపోతుంది. అక్కడ మొత్తం హైడ్రాక్సైడ్ నుంచి 0.05 తీసేశాకే సగం చేయాలి.