పౌరుణ్ణి కాని నాకు హక్కులేమిటి అనుకున్నాను

కెనడాలో దిగిన మూడో రోజే మా యజమాని నా పాస్‌పోర్ట్ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. కొత్త చోటు, పోగొట్టుకుంటావు, నా దగ్గరుంటే భద్రం అన్నారు. నిజమే కదా అనుకున్నాను.

నాది ఆ ఒక్క కంపెనీలోనే పనిచేయగల క్లోజ్డ్ వర్క్ పర్మిట్. వారానికి 55 గంటలు చేసినా ఓవర్‌టైమ్ ఇచ్చేవారు కాదు. అడిగితే పర్మిట్ రద్దు చేయించి ఇంటికి పంపిస్తాననేవారు. ఎనిమిది నెలలు అదే టెన్షన్.

చివరికి నా గదిలో ఉండే అన్న నన్ను కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌కి తీసుకెళ్లాడు. నేనుండే ఒంటారియో రాష్ట్రంలో ఆదాయం తక్కువున్నవాళ్లకి వీటిలో ఉచితంగా సలహా ఇస్తారు. ఫీజు భయంతోనే నేను అన్నాళ్లూ ఆగాను, అదే బాధ.

పౌరుణ్ణి కాను, నాకు హక్కులేం ఉంటాయి అని అడిగాను. లాయరమ్మ కెనడా రాజ్యాంగంలో భాగమైన 1982 నాటి హక్కుల, స్వేచ్ఛల చార్టర్ తీసి, ఒక్కో సెక్షన్ ఎవరి గురించి చెబుతోందో చూడమన్నారు. ఓటు దగ్గర "ప్రతి పౌరుడు" అని ఉంది. మత స్వేచ్ఛ, భావ ప్రకటన, అరెస్టయితే కారణం తెలుసుకుని లాయరుతో మాట్లాడే హక్కు, వీటన్నిటి దగ్గరా "ప్రతి ఒక్కరూ" అనే ఉంది. కెనడా గడ్డ మీద ఉన్న ప్రతి మనిషీ ఆ మాటలోకి వస్తాడని 1985లో సింగ్ కేసులో కెనడా సుప్రీంకోర్టు జడ్జి బెర్తా విల్సన్ రాశారట. ఆ పేజీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

అయితే చార్టర్ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, మా యజమానిని కాదు. ఆయనకు వేరే చట్టాలున్నాయి. విదేశీ కార్మికుల పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోవడం ఒంటారియోలో 2009 చట్టం ప్రకారం నేరం. వారానికి 44 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతం ఇవ్వాలి. ఉద్యోగం తీసేయగలరు గానీ పర్మిట్ రద్దు చేయడం ఆయన చేతిలో లేదు, అది ఇమ్మిగ్రేషన్ శాఖ పని.

క్లినిక్ రాసిన ఉత్తరం మా యజమానికి అందిన వారానికే పాస్‌పోర్ట్ నా చేతికొచ్చింది. వేధింపులకు గురైన కార్మికులకు 2019 నుంచి ఇస్తున్న, ఒక్క కంపెనీకే కట్టిపడేయని ఓపెన్ వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చేశాను, వచ్చింది. రాని జీతం కోసం కార్మిక శాఖకు రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, రుసుము లేదు. అక్కడి అధికారి రుజువు అడిగితే, రోజూ గంటలు రాసుకున్న నా గోడ క్యాలెండర్ తీసుకెళ్లి ఇచ్చాను.